పాలు, వెన్న లేకుండా ఆలివ్ ఆయిల్ చాక్లెట్ కేక్: మర్నాటికీ మెత్తగా ఉండాలంటే

మొదటిసారి ఈ కేక్ చేసినప్పుడు కోసిన ముక్క ప్లేట్లోకి చేరేలోపే నుసినుసిగా రాలిపోయింది. నూనె తక్కువైందేమో అనుకుని రెండోసారి ఇంకో పావు కప్పు పోశాను. ఈసారి నోట్లో పొడిపొడిగానే ఉంది, పైగా వేళ్ళకి జిడ్డు. మూడోసారి కొలతలు మొదటిసారివే వాడి, ఓవెన్లోంచి మాత్రం ఏడు నిమిషాలు ముందే తీసేశాను. కేక్ కుదిరింది.

తర్వాత ఆలోచిస్తే సంగతి చిన్నదే అనిపించింది. కేక్‌లో తడి అంటే నీరు. ఓవెన్లో నీరు ఆవిరై పోతుంది, నూనె పోదు. అందుకే ఎక్కువసేపు కాలిన కేక్‌కి నూనె ఎంత పోసినా ఎండిపోయి, జిడ్డుగా కూడా తయారవుతుంది. నూనె చేసే మేలు వేరే ఉంది. అది మైదాలోని ప్రోటీన్‌ని పూతలా కప్పేసి సాగే గుణం ఎక్కువ రాకుండా ఆపుతుంది. గది వేడిలోనే కాదు, కాస్త చల్లబడినా ద్రవంగానే ఉంటుంది కాబట్టి కేక్ నాలుకకి మెత్తగా తగులుతుంది. వెన్న అలా కాదు, చల్లారగానే గట్టిపడుతుంది, దాంతో పాటు కేకూ బిగుసుకుంటుంది. పాల పదార్థాలు పడనివాళ్ళ కోసం నూనెతో చేయడం మొదలుపెట్టాను గానీ, ఇప్పుడు అందరికీ ఇదే చేస్తున్నాను.

ఎవరి కోసం చేస్తున్నారో ముందు తెలుసుకోండి

"పాలు పడవు" అనేవాళ్ళలో రెండు రకాలుంటారు. కొందరికి లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, అరగదు. కొందరికి పాలలోని ప్రోటీన్లకి అలర్జీ. మొదటివాళ్ళకి కడుపు ఉబ్బరంతో పోయేది రెండోవాళ్ళకి ప్రాణం మీదికి రావచ్చు. "లాక్టోజ్ ఫ్రీ" అని రాసి ఉన్న పాలలో చక్కెరని విడగొడతారు గానీ ప్రోటీన్లు అలాగే ఉంటాయి. కాబట్టి అలర్జీ ఉన్నవాళ్ళకి అవి పనికిరావు.

కేక్ పిండి వరకు టెన్షన్ లేదు, మనం వేసేవన్నీ కళ్ళ ముందే ఉంటాయి. చిక్కు వచ్చేది పైన పోసే చాక్లెట్ దగ్గర. డార్క్ చాక్లెట్‌లో పాలు ఉండవనే అందరం అనుకుంటాం. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 94 డార్క్ చాక్లెట్ బార్లు పరీక్షిస్తే, పాలు వాడినట్టు పదార్థాల జాబితాలో రాసినవి 6 మాత్రమే. మిగిలిన 88లో 51 బార్లలో పాలు బయటపడ్డాయి. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. మిల్క్ చాక్లెట్ తయారయ్యే యంత్రాల మీదే డార్క్ చాక్లెట్ కూడా తయారవుతుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. అలర్జీ ఉన్నవాళ్ళ కోసమైతే పాలు లేవని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసిన చాక్లెటే కొనండి, లేదంటే చాక్లెట్ పూత మానేయండి. లేబుల్ మీద వే, కేసీన్, మిల్క్ సాలిడ్స్ అనే మాటలు కనిపిస్తే అవి పాలే. కోకో బటర్ మాత్రం పాలది కాదు, కోకో గింజల్లోని కొవ్వు. అలాగే గుడ్డు పాల పదార్థం కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాలు పడని వాళ్ళ కోసం అనగానే గుడ్డు కూడా మానేసి ఇబ్బంది పడేవాళ్ళని చూశాను. గుడ్డు కూడా వద్దనుకుంటే ఏం చేయాలో చివర్లో చెబుతాను.

అన్నట్టు, టిన్ అడుగున పరిచే బటర్ పేపర్‌లో పేరుకే తప్ప బటర్ లేదు.

కావలసినవి

20 సెంటీమీటర్ల (8 అంగుళాల) గుండ్రటి టిన్‌కి ఈ కొలతలు. టిన్ లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి.

- మైదా: 180 గ్రాములు
- తీపి కలపని కోకో పొడి: 50 గ్రాములు
- పంచదార: 220 గ్రాములు
- వంట సోడా (బేకింగ్ సోడా): 1 టీస్పూన్, గీసినట్టు సమంగా
- ఉప్పు: అర టీస్పూన్
- గుడ్లు: 2 పెద్దవి, ఫ్రిజ్ చల్లదనం పోయినవి
- ఆలివ్ ఆయిల్: 120 మిల్లీలీటర్లు
- మరిగిన నీళ్ళు: 240 మిల్లీలీటర్లు
- ఇన్‌స్టంట్ కాఫీ పొడి: 1 టీస్పూన్ (ఇష్టమైతే)
- తెల్ల వెనిగర్ లేదా యాపిల్ సైడర్ వెనిగర్: 1 టేబుల్‌స్పూన్
- వెనిలా ఎసెన్స్: 1 టీస్పూన్

వంటింటి తూకం ఉంటే తప్పకుండా వాడండి. లేకపోతే 240 మిల్లీలీటర్ల కప్పుతో మైదా ఒకటిన్నర, కోకో అర కప్పు కంటే కాస్త ఎక్కువ, పంచదార ఒక కప్పు మీద రెండు టేబుల్‌స్పూన్లు. మైదాని కప్పుతో డబ్బాలో ముంచి తీయకండి. అలా తీస్తే పిండి అణిగిపోయి కప్పుకి 20, 30 గ్రాములు ఎక్కువ పడుతుంది, కేక్ గట్టిపడేది అక్కడే. చెంచాతో కప్పులోకి వదులుగా వేసి, పైన చాకు వీపుతో సమంగా గీయండి.

పంచదార ఎక్కువనిపించి తగ్గించాలని చేయి లాగుతుంది. ఒక 40 గ్రాముల వరకు తగ్గించినా పర్వాలేదు. అంతకు మించి వద్దు. పంచదార తీపి కోసమే కాదు, నీటిని పట్టి ఉంచడం కూడా దాని పనే. ఓ 70 గ్రాముల తెల్ల పంచదార బదులు బ్రౌన్ షుగర్ వేస్తే, అందులోని మొలాసిస్ వల్ల తడి ఇంకాస్త నిలుస్తుంది.

ఏ ఆలివ్ ఆయిల్?

అందరూ అడిగేది ఇదే. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఆలివ్ కాయల్ని రసాయనాలు లేకుండా పిండి తీసిన నూనె, అందులో ఆమ్లత్వం 0.8 శాతానికి మించకూడదు. పచ్చి వాసన, కాస్త చేదు, గొంతులో మిరియం తగిలినట్టు చిన్న ఘాటు ఉంటాయి. మామూలు కేక్‌లో ఈ రుచి పైకి తేలుతుంది. కోకోకి తనదైన చేదు ఉంది కాబట్టి ఇక్కడ ఆ రెండూ కలిసిపోతాయి. చాక్లెట్ రుచి ఇంకా లోతుగా అనిపిస్తుందే తప్ప ఆలివ్ వాసన విడిగా తెలియదు. అయినా మరీ ఘాటైనది వద్దు. చెంచాతో కొంచెం నోట్లో వేసుకోండి. దగ్గు వచ్చేంత ఘాటుంటే అది సలాడ్‌కి ఉంచి, మెత్తటి రుచి ఉన్నది కేక్‌కి తీసుకోండి.

"లైట్" అని రాసి ఉన్న ఆలివ్ ఆయిల్ శుద్ధి చేసినది. రంగు, రుచి తేలిక, అంతే. కేలరీల్లో తేడా ఏమీ లేదు. ఏ వాసనా వద్దనుకునే వాళ్ళకి అదీ బాగానే ఉంటుంది.

ఎక్స్‌ట్రా వర్జిన్‌ని వేడి చేయకూడదు కదా అని భయం అక్కర్లేదు. ఓవెన్ 175 డిగ్రీల్లో ఉన్నా, తడి ఉన్నంతసేపు కేక్ లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ నూనె పొగ వచ్చే స్థాయికి అది చాలా దూరం.

అసలు చూడాల్సింది నూనె తాజాగా ఉందా లేదా అన్నది. పొయ్యి పక్కన నెలల తరబడి ఉన్న సీసా మూత తీసి వాసన చూడండి. పిల్లల క్రేయాన్ పెట్టె తెరిచినప్పటి వాసన వస్తే నూనె చెడిపోయినట్టే. ఎంత కోకో వేసినా ఆ వాసన దాగదు.

వెన్నతో చేసే మీ పాత రెసిపీని నూనెకి మార్చుకోవాలంటే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. వెన్నలో కొవ్వు దాదాపు 80 శాతమే, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం నీరు. 100 గ్రాముల వెన్నకి 80 గ్రాముల నూనె, ఒక టేబుల్‌స్పూన్ నీళ్ళు సరిపోతాయి.

కోకో దగ్గర జరిగే పొరపాటు

డ్రింకింగ్ చాక్లెట్ పొడి, కోకో పొడి ఒకటి కావు. మొదటి దాంట్లో సగానికి పైగా పంచదారే ఉండొచ్చు, కొన్నిట్లో పాలపొడి కూడా. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో "కోకో" అన్న ఒక్క మాటే ఉండాలి.

కోకోలో మళ్ళీ రెండు రకాలు. మామూలు కోకో, అంటే నేచురల్ రకం, లేత గోధుమ రంగులో, కాస్త పుల్లగా ఉంటుంది. ఇది ఆమ్లం, కాబట్టి సోడాతో కలిసి పొంగుతుంది. రెండోది డచ్ ప్రాసెస్డ్. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హూటెన్ కుటుంబం కోకోలోంచి కొవ్వు పిండే యంత్రానికి పేటెంట్ తీసుకుంది. పొడిని క్షారంతో శుద్ధి చేసి పులుపు తీసే పద్ధతి కూడా వాళ్ళ నుంచే వచ్చింది, ఆ డచ్ అనే పేరు అందుకే. దీని రంగు ముదురు, రుచి నున్నగా ఉంటుంది. కానీ ఆమ్లం లేదు కాబట్టి సోడాకి జత దొరకదు. పై కొలతలు మామూలు కోకోకి రాసినవి. మీ దగ్గర డచ్ రకం ఉంటే సోడా అర టీస్పూన్‌కి తగ్గించి, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు కలపండి. జాబితాలో ఆల్కలీ అని గానీ, "అసిడిటీ రెగ్యులేటర్" అని గానీ ఉంటే అది డచ్ రకం అనుకోవచ్చు.

చేసే విధానం

1. ఓవెన్‌ని 175 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 160 చాలు. టిన్ లోపల నూనె రాసి, అడుగున గుండ్రంగా కత్తిరించిన బటర్ పేపర్ వేయండి. ఈ పని ముందే ఎందుకంటే, వెనిగర్, సోడా కలిసిన క్షణం నుంచి బుడగలు రావడం మొదలవుతుంది. పిండి గిన్నెలో ఎదురుచూస్తుంటే ఆ గాలి వృథా.

2. కోకో, కాఫీ పొడి ఒక గిన్నెలో వేయండి. మరిగిన నీళ్ళు మొత్తం ఒకేసారి గుమ్మరించొద్దు. ముందు మూడు నాలుగు టేబుల్‌స్పూన్లే పోయండి. కోకో మొదట మొండికేస్తుంది. అందులోని కొవ్వు నీటిని తోసేస్తుంది కాబట్టి పొడి చిన్న చిన్న గోళీల్లా పైకి తేలుతుంది, నీళ్ళు పక్కకి జారతాయి. చెంచా వీపుతో గిన్నె అంచుకి నొక్కి రుద్దుతూ ఉండండి. ఓ అర నిమిషానికి ఒక్కసారిగా లొంగి, నిగనిగలాడే నల్లటి ముద్ద అవుతుంది. వంటింటంతా చాక్లెట్ వాసన వచ్చేది అప్పుడే. మిగతా నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి పక్కన పెట్టండి.

పొడి కోకోని నేరుగా మైదాలో కలిపేసినా కేక్ అవుతుంది. కానీ వేడి నీళ్ళలో నానినప్పుడు కోకో తన వాసన వదులుతుంది, దాంట్లోని పిండి పదార్థం ఉబ్బి నీటిని పట్టుకుంటుంది. ఐదు నిమిషాల పనికి ఇంత లాభం ఈ రెసిపీలో మరెక్కడా లేదు. కాఫీ వేసినంత మాత్రాన కేక్ కాఫీ రుచి రాదు, చాక్లెట్‌కి బలం వస్తుంది. పిల్లల కోసమైతే మానేయండి.

ఈ మిశ్రమం గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. చిటికెన వేలు ముంచితే హాయిగా ఉండాలి. ఒకసారి తొందరపడి వేడివేడిగా గుడ్ల మీద పోశాను, గుడ్డు ఉడికి తెల్లటి పోగులు తేలాయి. జల్లెడ పట్టి ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, ఆ కేక్ అంతగా పొంగలేదు.

3. మైదా, వంట సోడా కలిపి జల్లించండి. సోడాలో ఉండలుంటే చేత్తో నలిపేయండి. నలగని ఉండ కేక్‌లో ఎక్కడో ఒకచోట పంటి కింద సబ్బులా తగులుతుంది.

4. పెద్ద గిన్నెలో గుడ్లు, పంచదార, ఉప్పు వేసి విస్క్‌తో గిలక్కొట్టండి. చేత్తో అయితే మూడు నాలుగు నిమిషాలు, మెషిన్‌తో రెండు. రంగు తేలి, కాస్త నురగగా, చిక్కగా అవ్వాలి. వెన్నతో చేసే కేక్‌లో వెన్న, పంచదార కలిపి గిలక్కొట్టినప్పుడు గాలి చేరుతుంది. నూనె గాలిని అలా పట్టుకోలేదు, అందుకని ఆ పని ఇక్కడ గుడ్లు చేయాలి.

5. ఇప్పుడు ఆలివ్ ఆయిల్. ఒక చేత్తో విస్క్ తిప్పుతూ, రెండో చేత్తో సన్నటి ధారగా పోయండి. పచ్చసొనలోని లెసిథిన్ నూనెని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీటితో కలిపి ఉంచుతుంది. సరిగ్గా కలిస్తే మిశ్రమం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. అంచుల్లో నూనె విడిగా కనిపిస్తే ధార ఆపి, అది కలిసిపోయేదాకా తిప్పి, మళ్ళీ పోయండి. కాలాక అడుగున జిడ్డు పొర చేరే కేకుల్లో చాలావాటికి ఇక్కడి తొందరే కారణం.

6. గోరువెచ్చటి కోకో మిశ్రమం, వెనిలా, వెనిగర్ పోసి కలపండి.

7. మైదాని రెండు విడతలుగా వేసి కలపండి. ఇక్కడ విస్క్‌ని గుండ్రంగా నెమ్మదిగా తిప్పాలి, గిలక్కొట్టకూడదు. పొడి పిండి చారలు కనిపించకుండా పోగానే ఆపేయండి. ఒకటి రెండు చిన్న ఉండలు మిగిలినా ఓవెన్లో కరిగిపోతాయి. వాటి వెంట పడి తిప్పుతూ పోతే కేక్ సాగుతుంది.

పిండి పల్చగా కనిపించి కంగారు పుడుతుంది, కొలత తప్పిందేమోనని ఇంకో గుప్పెడు మైదా వేయాలనిపిస్తుంది. వేయకండి. గరిటె ఎత్తితే తెగని ధారగా జారిపోవాలి, పడిన చోట గీత రెండు క్షణాలు నిలిచి మాయమవ్వాలి. ఈ కేక్‌కి అంత పల్చదనం కావాలి.

8. టిన్‌లో పోసి, ఒకసారి బల్ల మీద మెల్లగా తట్టి, వెంటనే ఓవెన్ మధ్య అరలో పెట్టండి. మొదటి 30 నిమిషాలు తలుపు తీయొద్దు. పైకి లేచిన పిండి అప్పటికి ఇంకా గట్టిపడి ఉండదు, చల్లగాలి తగిలితే మధ్యలో కుంగిపోతుంది.

చివరి పది నిమిషాలు

35వ నిమిషం నుంచి ఓవెన్ ముందే ఉండండి. ఫోన్ పక్కన పెట్టేయండి. మామూలుగా ఈ కేక్ 38 నుంచి 45 నిమిషాల్లో అవుతుంది, కానీ ఇంటి ఓవెన్లు చూపించే వేడికీ నిజంగా ఉండే వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. గడియారం కన్నా కేక్ చెప్పేది వినండి.

మధ్యలో వేలితో తాకితే నొక్కు పడి మళ్ళీ పైకి రావాలి. అంచులు టిన్‌ని అప్పుడప్పుడే వదులుతూ వెంట్రుకవాసి సందు కనిపించాలి. టూత్‌పిక్ మధ్యలో గుచ్చి తీస్తే, తడి పిండి అంటుకుంటే ఇంకా కాలాలి. రెండు మూడు మెత్తటి నుసులు అంటుకుంటే అదే సమయం, తీసేయండి. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగమని ఎక్కువ రెసిపీలు చెబుతాయి. ఈ కేక్ విషయంలో నేను ఒప్పుకోను. పుల్ల పొడిగా వచ్చిందంటే అప్పటికే మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమైనట్టు. బయటికి తీశాక కూడా టిన్‌లోని వేడికి కేక్ ఇంకాస్త ఉడుకుతూనే ఉంటుంది కదా.

థర్మామీటర్ ఉంటే ఇంకా సులువు, మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు చూపిస్తే చాలు. ఇంకో చిట్కా నాకు బాగా పనికొస్తుంది. టిన్‌ని బయటికి తీసి చెవి దగ్గరగా పెట్టండి, చెవి కాల్చుకోకండి. లోపల చిటపట గట్టిగా వినిపిస్తుంటే నీరు ఇంకా మరుగుతోంది, మళ్ళీ లోపల పెట్టాలి. అక్కడక్కడ సన్నగా వినిపించి తగ్గిపోతుంటే అయినట్టే.

టిన్‌లోనే 15 నిమిషాలు ఉంచి, అంచు చుట్టూ పల్చటి చాకు తిప్పి, జాలీ మీదికి బోర్లించండి. నూనె కేక్ వేడిగా ఉన్నప్పుడు చాలా సుకుమారంగా ఉంటుంది, ముందే తీస్తే విరుగుతుంది. టిన్‌లోనే మరిచిపోతే అడుగు చెమ్మగిల్లుతుంది.

తర్వాత ఒక కష్టమైన పని ఉంది. ఇంకా కొద్దిగా వెచ్చగా ఉండగానే క్లింగ్ ఫిల్మ్ బిగుతుగా చుట్టి రాత్రంతా గది వేడిలో వదిలేయండి. అంచుల్లో ఎండిన భాగం మధ్యలోని తడిని తీసుకుని కేక్ మొత్తం ఒకేలా అవుతుంది. పైన పెళుసుగా ఉన్న పొర మెత్తబడుతుంది. రుచి కూడా మారుతుంది, మొదటిరోజు కాస్త విడిగా తెలిసే ఆలివ్ పచ్చిదనం మర్నాటికి కోకోలో కలిసిపోతుంది. ఎవరికైనా పెట్టాలంటే నేనెప్పుడూ ముందు రోజు రాత్రే చేస్తాను.

పైన పోయడానికి

పూత లేకపోయినా ఈ కేక్‌కి లోటేమీ లేదు, జల్లెడతో కొంచెం కోకో చల్లినా అందంగా ఉంటుంది. కావాలంటే 100 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి, దాని మీద 60 మిల్లీలీటర్ల బాగా వేడి నీళ్ళు పోసి, రెండు నిమిషాలు వదిలేసి, మధ్యలోంచి బయటికి నెమ్మదిగా కలపండి. చివర్లో ఒక టేబుల్‌స్పూన్ ఆలివ్ ఆయిల్. చాక్లెట్‌లో నీళ్ళు పడితే గడ్డకడుతుందని విని ఉంటారు. నిజమే, కానీ అది నాలుగైదు చుక్కలు పడినప్పుడు. పంచదార, కోకో రేణువులు ఆ కాస్త నీటితో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంత నీరు పోస్తే అతుక్కునే అవకాశం ఉండదు, క్రీముతో చేసినట్టే నున్నటి పూత వస్తుంది. కేక్ పూర్తిగా చల్లారాకే పోయండి.

తేడా వస్తే

మధ్యలో గుంట పడిందంటే తలుపు తొందరగా తీసి ఉంటారు, లేదా లోపల ఇంకా కాలలేదు, లేదా సోడా ఎక్కువైంది. గుంటలో పూత పోసేయండి, ఎవరూ అడగరు.

సబ్బు రుచి, గొంతులో గరగర ఉంటే సోడాకి సరిపడా ఆమ్లం దొరకలేదన్న మాట. వెనిగర్ మరిచిపోయారా, డచ్ కోకో వాడారా చూసుకోండి. వెనిగర్ రుచి వస్తుందేమోనని కొందరు మానేస్తారు. ఈ కొలతలో అది సోడాతో కలిసి ఖర్చయిపోతుంది, కేక్‌లో తెలియదు.

పైన గోపురంలా లేచి పగిలితే ఓవెన్ వేడి ఎక్కువ. ఈసారి పది డిగ్రీలు తగ్గించండి. చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ ఊహాగానాలు తప్పుతాయి.

బాగా ఎండిపోయిన కేక్‌ని పారేయకండి. అర కప్పు నీళ్ళలో పావు కప్పు పంచదార, ఒక చెంచా కాఫీ పొడి కరిగించి, కేక్‌కి పుల్లతో రంధ్రాలు పెట్టి, ఆ పాకాన్ని చెంచాతో కొంచెం కొంచెంగా పోసి రాత్రంతా మూత పెట్టి ఉంచితే చాలావరకు దారికొస్తుంది.

టిన్ మారితే సమయం మారుతుంది. 23 సెంటీమీటర్ల టిన్ అయితే 28వ నిమిషం నుంచే చూడటం మొదలుపెట్టండి. కప్‌కేకులైతే పన్నెండు పైచిలుకు వస్తాయి, 18 నిమిషాలకి పుల్ల గుచ్చండి.

గుడ్డు కూడా వద్దనుకుంటే

గుడ్లు, పాలు, వెన్న మూడూ లేని చాక్లెట్ కేక్ కొత్త కనిపెట్టుడేమీ కాదు. అమెరికాలో ఆర్థిక మాంద్యం నాటి కొరతతో ముడిపడిన పేరున్న కేకులు ఇలాంటివే. వెనిగర్, సోడా కలిసి వచ్చే పొంగు మీదే అవి నిలబడ్డాయి.

పై కొలతల్లో గుడ్లు తీసేసి, నీళ్ళు 280 మిల్లీలీటర్లకి పెంచండి, నూనె 90 మిల్లీలీటర్లకి, పంచదార 200 గ్రాములకి తగ్గించండి. మిగతావి అలాగే. పంచదార, ఉప్పుని కోకో మిశ్రమం వేడిగా ఉన్నప్పుడే కరిగించి, చల్లారాక నూనె, వెనిలా, వెనిగర్ కలిపి, చివర్లో మైదా వేయండి. లెసిథిన్ లేదు కాబట్టి నూనె పూర్తిగా కలవదు, పైన తేలుతున్నా మైదా పడ్డాక సర్దుకుంటుంది. 32వ నిమిషం నుంచి చూడండి. పట్టు తక్కువ కాబట్టి టిన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వాలి.

నిల్వ

గాలి చొరని డబ్బాలో గది వేడిలో మూడు రోజులు ఉంటుంది. ఎండలు మండుతుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. కానీ ఆలివ్ ఆయిల్ ఆ చలికి కొంత పేరుకుంటుంది, కేక్ బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. తినడానికి అరగంట, నలభై నిమిషాల ముందు బయటపెడితే మళ్ళీ మెత్తబడుతుంది. ఎక్కువ రోజులు దాచాలంటే పూత లేకుండా ముక్కలు కోసి, ఒక్కొక్కదానికి విడిగా క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, రెండు నెలలు బాగుంటాయి. తీసినప్పుడు ఆ చుట్టు విప్పకుండానే గంటసేపు వదిలేయండి. చెమ్మంతా కవరు మీద పడుతుంది, ముక్క తడిసి ముద్దవ్వదు.